ఒకే సైజు అక్షరాలు

మొన్న శుక్రవారం పొద్దున, మస్కట్‌లో మన తెలుగు పిల్లలకు వారాంతపు తరగతులు నడిపే అమ్మాయి ఫోన్ చేసి, "అంకుల్, మీరు రాసిన పసుపు చేతుల పుస్తకం మళ్లీ వేద్దామనుకుంటున్నాం, ఈసారి కవరు మీద మీ ఫోటో కూడా పెడదాం, పాత కాపీ ఉంటే ఇవ్వండి" అంటే, ఇరవై ఏళ్లుగా ఆ మాటకు అలవాటు పడిన మనిషిలా సరేనమ్మా అనేసి, మంచం కింద ఉన్న అట్టపెట్టె బయటికి లాగాను. పాత కాపీ అడుగున ఉంది. దానికంటే ముందు నా చేతికి తగిలింది మరో పుస్తకం.

అది న్యూజిలాండు నుంచి వచ్చిన పిల్లల బొమ్మల పుస్తకం. అందులో ఒక ముసలావిడా, ఆమె మనవరాలూ మట్టిలోంచి దుంపలు తవ్వుతుంటారు. ప్రతి పేజీలో బొమ్మ కింద కథ రెండుసార్లు ఉంటుంది, ఒకసారి ఇంగ్లీషులో, దాని కిందే మరోసారి ఆ దేశపు మూలవాసుల భాష అయిన మావోరీలో. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి పూర్తిగా విప్పి చూశాను. ఇరవై ఒమాన్ వేసవులు దాటినా ఒక్క కాగితం వదులు కాలేదు, ఒక్క దారం తెగలేదు. ఆ కుట్టు కుట్టిన చెయ్యి నాది కాదు. ఆ అమ్మాయి అడిగిన పుస్తకంలోని కథ కూడా నాది కాదు. ఈ రెండో మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నాతోపాటే ఆ రోజుల్లో ఈ దేశం వచ్చి, నాలుగు ముక్కలు చదువుకున్నామన్న ధీమాతో పక్కవాడి మీద పెత్తనం చేసిన మా వయసు వాళ్లకు నా బాధ బోధపడుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

అప్పట్లో నేను రుసైల్ పారిశ్రామికవాడలోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో, కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే విభాగానికి సూపర్‌వైజర్ని. కాకినాడ వాణ్ణి, డిగ్రీ చదివినవాణ్ణి, కాలేజీ పత్రికలో రెండు కథలు అచ్చయినవాణ్ణి. ఈ మూడింటిలో మూడోదాన్ని అవసరం ఉన్నా లేకపోయినా పదిమందికీ చెప్పుకునేవాణ్ణి. మా షెడ్డు చివర బైండింగ్ సెక్షన్ ఉండేది. అందులో జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చినతను ఒకడు, నాకంటే మూడు నాలుగేళ్లు చిన్నవాడు, హైదరాబాదులో పని నేర్చుకుని వచ్చాడు. నేనతన్ని ఏమయ్యా అని పిలిచేవాణ్ణి. ఇక్కడ తమ్ముడు అని రాస్తున్నాను గాని, ఆ పిలుపు కూడా ఆలస్యంగా వచ్చిందే. తమ్ముడు ఏడో తరగతితో బడి మానేశాడు. అయితే అన్నం వేళ కథ చెప్పడం మొదలుపెట్టాడంటే, కాగితాలు మడిచే యంత్రం దగ్గరి బంగ్లాదేశీలు సైతం, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, డబ్బా మూతలు చేత్తో పట్టుకుని అతని మొహంలోకి చూస్తూ నవ్వేవాళ్లు.

ఒక జూన్ నెలలో మా ప్రెస్సుకు టీచరమ్మ వచ్చింది. మస్కట్‌లో ఒక స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే న్యూజిలాండు ఆవిడ, నలభై దాటిన మావోరీ మనిషి. స్వదేశం నుంచి తెచ్చుకున్న బొమ్మల పుస్తకాల పెట్టెను నాలుగు రోజులు కారు డిక్కీలో మరిచిపోయిందట. ఇక్కడి ఎండ సంగతి మనకు తెలియనిదేముంది, పుస్తకాల వెన్నుల్లోని జిగురు కరిగిపోయి నలభై పుస్తకాలూ పేకముక్కల్లా విడిపోయాయి. అడిగిన ప్రతిచోటా పారేసి కొత్తవి కొనుక్కోమన్నారట. తమ్ముడు ఒక పుస్తకం వెన్ను మీద బొటనవేలు రాసి, వాసన చూసి, "జిగురుతోని కాదు సార్, కుట్టాలె. ఒక్కొక్క బుక్కు కుట్టాలె. పదిహేను రోజులు అడుగున్రి" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నన్ను కాకుండా అతన్నే చూసి, తల వంచి, కళ్లు మూసుకుని తెరిచింది. మా షెడ్డులో ఎవరికీ అలాంటి నమస్కారం అందినట్టు నాకు గుర్తులేదు.

ఆ పదిహేను రోజుల్లో చూసిన దృశ్యం ఈనాటికీ నా కళ్లలోంచి పోలేదు. బయట బూడిదరంగు కొండలు, సిమెంటు లారీలు, కళ్లు విప్పనివ్వని ఎండ. లోపల తమ్ముడి బల్ల మీద వరుసగా పరిచిన పేజీల నిండా మనిషెత్తు ఫెర్ను మొక్కల పచ్చదనం, పొగమంచు కమ్మిన నదులు, ఏట్లో మెలికలు తిరిగే పాము లాంటి చేపలు, గడ్డం మీద పచ్చబొట్లున్న ముసలమ్మలు. ఆవిడ బడి అయ్యాక రోజూ వచ్చి, కాగితం కట్ట మీద కూర్చుని, కుట్టు పూర్తయిన పుస్తకాన్ని మాకు చదివి వినిపించేది, మొదట ఇంగ్లీషులో, తర్వాత తన భాషలో. ఆ రెండో చదువుకు నేను పని ఆపి చెవి ఒగ్గేవాణ్ణి. ప్రతి మాటా అచ్చుతోనే ముగిసేది, మన మాటల్లాగే గుండ్రంగా దొర్లేది. భూగోళానికి అటు చివరి దీవుల్లో మనమెరుగని మనుషులు మన చెవికి ఇంత దగ్గరగా మాట్లాడుకుంటున్నారా అని విస్తుపోయాను. దుంపల బొమ్మ చూపించి ఆవిడ కూమర అంది. తమ్ముడి మొహం విప్పారిపోయింది. "గివి మా కాడి కందగడ్డలే గద సార్" అన్నాడు. కంద వేరయ్యా, ఇది చిలగడదుంప అని నేను దిద్దాను. వాళ్ల వైపు చిలగడదుంపనే కందగడ్డ అంటారని తర్వాతెప్పుడో తెలిసింది. అదే నా మొదటి దిద్దుబాటు.

ఇంగ్లీషు సరిగా చదవలేకపోయినా పేజీని కన్నార్పకుండా చూసే అలవాటున్న తమ్ముడే ఒకనాడు కొలబద్ద తెచ్చి రెండు భాషల అక్షరాల ఎత్తూ కొలిచాడు. రెండూ ఒకటే. "అడుగున్రి సార్, రెండు ఒక్క సైజుల ఎందుకున్నయో." ఒమాన్‌లో బోర్డులూ డబ్బాలూ అన్నీ రెండు భాషల్లోనే అచ్చేసేవాళ్లం గనక మాకు తెలుసు, ఎవరి భాషను పెద్దది చేయాలన్నదే ప్రతి పార్టీతోనూ మొదటి పేచీ. ఆవిడ ఒళ్లోని పుస్తకం మూసి చెప్పింది. వాళ్ల నాయనమ్మను బళ్లో ఇంటి భాష మాట్లాడినందుకు కొట్టేవారట. ఆమె తన పిల్లలకు దెబ్బలు తగలకూడదని ఆ భాష నేర్పలేదట. టీచరమ్మ ముప్పై ఏళ్ల వయసులో, తన కొడుక్కి చదివి వినిపించడానికి కొన్న ఇలాంటి బొమ్మల పుస్తకాల్లోనే, కొడుకుతోపాటు తానూ కూడబలుక్కుని ఆ భాష నేర్చుకుందట. పిల్లలకు అర్థాలు తర్వాత తెలుస్తాయి, ముందు చూసేది ఏది పెద్దది ఏది చిన్నది అనే, అందుకని రెండూ సమానంగా ఉండాలి అంది. నేనది తెలుగు చేసి చెబితే తమ్ముడి చేతిలోని సూది అలాగే ఉండిపోయింది.

మర్నాడు అన్నం వేళ నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఊళ్లో అతనికి ఐదేళ్ల కూతురు. రెండేళ్లకోసారి చూడడమే; వారానికో ఫోన్ కార్డు, అందులోనూ సగం గొర్రుమనే చప్పుడు. "ఫోన్ల చెప్పిన ముచ్చట ఫోన్‌తోనే పోతది సార్. బుక్కుల ఉంటే నేను లేకున్నా నా మాట దాని పక్కల పంటది. మన తెలుగు, ఇంగ్లీషు, రెండు ఒక్క సైజుల. మీరు ఇంగ్లీషు రాస్తరా?" అన్నాడు. రాస్తానన్నాను. నిజం చెప్పాలంటే, అతని కోరికను మించి, ఒక పుస్తకం తయారవుతుందన్న ఆశే నన్ను లేపి కూర్చోబెట్టింది.

కథ అతనే అనుకున్నాడు. పసుపు తవ్విన రోజుల్లో కల్లంలో ఆడుకున్న పిల్ల చేతులు పచ్చబడిపోతాయి. ముట్టుకున్నదల్లా పసుపవుతుంది, మేకపిల్ల చెవులు, బావి చేద, అన్నం గిన్నె. ఎంత కడిగినా పోదు. తండ్రి ప్రయాణమయ్యే రోజు పిల్ల వెనక నుంచి వచ్చి వాటేసుకుంటుంది. తండ్రి విమానం దిగి, ఎడారిలో పనిలో చేరి, అంగీ విప్పి చూస్తే వీపు మీద రెండు చిన్న పసుపు చేతులు. ఉతికేకొద్దీ రంగు వెలుస్తుందని ఆ అంగీని అతను ఉతకడు. అంతే కథ. పాత ప్రూఫు కాగితాల వెనక పెన్సిలుతో రాసి తెచ్చాడు. ప్లేట్లు తయారుచేసే మలయాళీ ఆయన బొమ్మలు వేశాడు. కత్తిరించగా మిగిలిన మంచి కాగితం వాడుకోవడానికి మా ఒమానీ యజమాని, మేం అర్బాబ్ అనేవాళ్లం, నవ్వుతూ ఒప్పుకున్నాడు.

ఇంగ్లీషు నేను శ్రద్ధగానే రాశాను. తెలుగు మాత్రం అక్షరాలు కూర్చేటప్పుడు మార్చేశాను. బాపు అన్నచోట నాన్నగారు అనీ, అంగి అన్నచోట చొక్కా అనీ, ఉరికింది అన్నచోట పరుగెత్తుకు వెళ్లింది అనీ, అసలు వాక్యాల నడకే మార్చి మా ఊరి బళ్లో పంతులుగారు మెచ్చుకునేలా తీర్చిదిద్దాను. పాపం, పిల్ల తప్పు తెలుగు నేర్చుకోకూడదని నిజంగానే అనుకున్నాను. అతను ప్రూఫు అటూ ఇటూ తిప్పి, "సార్, ఇది మా బిడ్డకు సమజైతదా?" అన్నాడు. పుస్తకమన్నాక ఇలాగే ఉండాలయ్యా అన్నాను. "మీరు చదువుకున్నోళ్లు. గట్లనే కానియ్యున్రి" అన్నాడు. అతని పెన్సిలు కాగితాలు నేనే చిత్తుకాగితాల మూటలో వేశాను. ఎన్నో సంగతులు మరిచిపోయాను గాని, ఆ కాగితాలు వేసిన మూట ఏ గోడ పక్కన ఉండేదో ఇప్పటికీ చూపించగలను.

పుస్తకాలు తీసుకువెళ్లడానికి వచ్చిన చివరిరోజు టీచరమ్మ మా పుస్తకం చూసి పిల్లలా సంబరపడి, అతన్ని చదివి వినిపించమంది. అతను నిలబడి, రెండు చేతులా పట్టుకుని, నా తెలుగును పరీక్షలో అడిగిన పిల్లవాడిలా ఒక్కో మాట మీదా వేలు పెట్టి తడుముకుంటూ చదివాడు. వారం కిందట ఇదే కథను మేకపిల్ల గెంతుతో సహా ఆడి చూపించినవాడు. మడత యంత్రం దగ్గర ఎవరూ నవ్వలేదు. ఆవిడకు తెలుగు రాదు. అయినా రెండో పేజీకల్లా అతని మీది నుంచి చూపు తిప్పి నా వంక చూసింది, కోపంగా కాదు, ఎరిగున్న పాత జబ్బును గుర్తుపట్టిన మనిషిలా.  వెళ్లేటప్పుడు దుంపల పుస్తకం అతనికి కానుకగా ఇచ్చింది. అతను బస నుంచి బసకు మారేటప్పుడు పాడవుతుందని నా దగ్గర దాచమన్నాడు. అలా నా పెట్టెలో చేరిందది.

ఆ తర్వాత జరిగినదాంట్లో సాకు చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. పుస్తకం ఆ నోటా ఈ నోటా పడి, ఇక్కడి తెలుగు సంఘంవాళ్లు తమ వార్షికోత్సవంలో పిల్లలకు పంచడానికి వంద కాపీలు కావాలన్నారు. కవరు మీద పేరు ఏం వేయాలని అడిగితే నా పేరు వేసుకున్నాను. చివరి పేజీ అడుగున, మాకున్న అక్షరాల్లో అన్నిటికంటే చిన్న సైజులో, బైండింగ్ సహకారం అని అతని పేరు వేశాను. రెండు భాషలనూ కొలబద్దతో సమానం చేసినవాడి పేరుకు నేనిచ్చిన కొలత అది. సభలో శాలువా కప్పారు. మావోరీ వాళ్ల పుస్తకాలు చూసి నాకు ఈ ఆలోచన వచ్చిందని మైకులో చెప్పాను. కంపెనీ బస్సులో వచ్చి, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, వెనక గోడకు ఆనుకుని నిలబడి తమ్ముడు చప్పట్లు కొట్టాడు.

ఆ యేడు సెలవుకు ఊరెళ్లి వచ్చాక, పాపకు నచ్చిందా అని అడిగాను. "మంచిగున్నదన్నది సార్" అని వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాడు. అసలు సంగతి అతని రూమ్‌లో ఉండే వాళ్ల ఊరతను చెప్పాడు. అతను మొదటి పేజీ చదివి వినిపించగానే ఆ పిల్ల, "బాపూ, గీ బుక్కుల మాట్లాడేది ఎవలు?" అని అడిగిందట. నేను విని, పిల్లలు గదా అని నవ్వేసి ఊరుకున్నాను. మరో రెండేళ్లకు జిగురు యంత్రం వచ్చింది, బైండింగ్ సెక్షన్ ఎత్తేశారు, అతను వీసా రద్దు చేయించుకుని వెళ్లిపోయాడు. వెళ్లే రోజు నేను సలాలాలో ఆఫీసు పని మీద ఉన్నాను. ఉన్నా ఏమనేవాణ్ణో తెలియదు.

మొన్న ఆ అట్టపెట్టె ముందు కూర్చున్నప్పుడు ఇదంతా గుర్తొచ్చి, మధ్యాహ్నమే బయల్దేరి మస్కట్ శివార్లలోని అల్ అమెరాత్ వెళ్లాను. అతని రూమ్‌లో ఉండిన మనిషి అక్కడ సిమెంటూ ఇనుమూ అమ్మే దుకాణంలో ఉన్నాడు. నెంబరిచ్చి, "ఇన్నేండ్లకు యాదికొచ్చెనా సార్" అని మాత్రం అన్నాడు. దుకాణం బయట నీడలో నిలబడి ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టి, "సార్, మంచిగున్నరా? షుగర్ గిట్ల రాలేదు గద?" అని నవ్వుతూ మొదలుపెట్టాడు. నేను దాచిపెట్టుకున్నదంతా, కాగితాలు పారేసిన సంగతితో సహా, ఒక్క ఊపిరిలో చెప్పేశాను. 

"గది నేనప్పుడే సరి చేసుకున్న సార్" అన్నాడు.

ఎలా అని అడిగితే, ఫోటోలు పంపిస్తానన్నాడు. సాయంత్రానికి ఒక్కొక్కటే వచ్చాయి. ఆ యేడు సెలవుకు వెళ్లినప్పుడే, కూతురు ఆ మాట అడిగిన మర్నాడే, మైదాపిండి ఉడకబెట్టి, తెల్లకాగితం పట్టీలు కత్తిరించి, ప్రతి పేజీలోనూ నా తెలుగు మీద తన తెలుగు అంటించాడు. ఎక్కడా ఒక చివర లేవలేదు, ఎక్కడా బొమ్మను తాకలేదు. పట్టీల మీద బాల్ పెన్నుతో చేతిరాత, పైనున్న ఇంగ్లీషు అక్షరాలతో సరిగ్గా సమానమైన ఎత్తులో, తలకట్లూ దీర్ఘాలూ గీత గీసినట్టు. బాపు ఉన్నాడు, అంగి ఉంది, మేకపిల్ల ఉరుకుతోంది. పారేశాననుకున్న ప్రతి మాటా ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో భద్రంగా ఉంది. ఆ పిల్ల ఆ పుస్తకం పక్కలో పెట్టుకునే పెద్దదై, పెళ్లయి, ఇప్పుడు తన కూతురికి చదివి వినిపిస్తోందట. అంచులు నలిగి పసుపెక్కిన ఆ పేజీలను వేళ్లతో పెద్దవి చేసి చూస్తూ, ఎదుట పెద్ద కొండ లేచినట్టు అలా ఉండిపోయాను.

చివరి ఫోటో కవరుది; సభలో పంచిన కాపీనే అతను ఊరికి పట్టుకెళ్లాడు. దాని మీద పట్టీ లేదు. నా పేరు ఉన్నది ఉన్నట్టుగా ఉంది. మళ్లీ ఫోన్ చేసి, అన్నీ మార్చి ఇదెందుకు వదిలేశావు తమ్ముడూ అన్నాను. ఆ పిలుపుకు అతను ఒక్క క్షణం తడబడి, "ఇంగ్లీషు మీదే గద సార్. మా బిడ్డ ఇంగ్లీషు గందులనే నేర్సింది. మీ పేరు మీద ఎట్ల అంటిస్త?" అన్నాడు. కొత్త అచ్చులో తెలుగంతా నీ పట్టీల్లో ఉన్నట్టే వేస్తాం, కవరు మీద నీ పేరు వేస్తాం, నాది తీసేస్తాం అన్నాను. వద్దన్నాడు. "ఇద్దరియి ఉండాలె సార్. టీచరమ్మ చెప్పింది యాదున్నది గద. ఒక్క సైజుల."

తరగతుల అమ్మాయికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఫోటో సంగతి ఆమే మానేసింది. ఈ మాటలు అన్ని ప్రాంతాల పిల్లలకూ తెలుస్తాయా అంకుల్ అని మాత్రం నసిగింది. తెలియకపోతే అడుగుతారు, మనం చెబుదాం అన్నాను.

టీచరమ్మ ఎప్పుడో తన దీవులకు వెళ్లిపోయింది, ఎక్కడుందో తెలియదు. ఇప్పటి పిల్లలకు ఫోనే కథ చెబుతుంది, ఏ భాష నొక్కితే ఆ భాషలో, అలసట లేకుండా. అందులో మాట్లాడేది ఎవరని మాత్రం వాళ్లు అడగరు. బైండింగ్ సెక్షన్ ఉన్నచోట ఇప్పుడు డబ్బాల అట్టలు పేర్చి ఉంటాయి, ఆ షెడ్డులో నాకూ ఇంక రెండేళ్లే మిగిలాయి. నిన్న అన్నం వేళ కంప్యూటర్ ముందు కూర్చుని, కవరు మీద ముందు అతని పేరు, దాని కింద నా పేరు పెట్టి, తెర మీద కొలబద్ద ఆనించి కొలిచాను. అక్షరాల సైజు మార్చడానికి ఒక్క మీట నొక్కితే చాలు. నా పేరు వేసుకున్న ఆ రోజు కూడా అంతే పని.